టీచరుగారు గీత గీసిన మాట

ఇది ఎప్పుడో రాయవలసింది. చిన్నతనమంతా వరి ఊడ్పుల్లో గడిచిపోయి, యాభై తొమ్మిదో ఏట గాని నాకు అక్షరాలు రాలేదు. అవి నేర్పిన సుగుణమ్మ టీచరుగారు ఈ వేసవిలో కన్నుమూశారు. ఇవాళ మా కాలువకు కొత్త నీరు వచ్చింది. ఎండిన మట్టి తడిసిన వాసన గుమ్మంలోకి రాగానే, తెల్లచీరలో గట్టు వెంట నిదానంగా నడిచివస్తున్న ఆమె కలలోలాగా కనిపించారు. నీటి వెంటే వస్తున్నట్టు, నీటికి తొందరేమీ లేనట్టు.

ఆదివారాలు మా చర్చిలో ఆమె ప్రార్థన చీటీలు రాసేవారు. చదువురాని మేము వరసగా కూర్చుని కష్టం చెప్పుకుంటే, మా మాటల్లోనే రాసి పాస్టరుగారికి అందించేవారు. మా ఆయనకు లివరు పాడై, డాక్టర్లు పెదవి విరిచిన వారం నేనూ వెళ్ళాను.

"మా ఆయన బతకాలి. అంతే రాయండి," అన్నాను.

ఆమె రాసి, చదివి వినిపించారు. చివర "అయినను ప్రభువా, నీ చిత్తమే జరుగును గాక" అని ఉంది.

"ఆ మాట నేను చెప్పలేదండి. కొట్టేయండి."

"అది అందరికీ రాసేదే, రత్నం."

"అందరి మొగుళ్ళూ మంచం మీద లేరు కదండీ! వేలిముద్ర వేసి మరీ ఆయన్ని అప్పజెప్పమంటారా?"

ఆమె వాదించలేదు. ఆ మాట మీద గీత గీశారు. "నీ చీటీ నీదేనమ్మా," అన్నారు.

మా ఆయన దక్కలేదు. నేను చర్చి మానేశాను. నెల తిరిగాక ఒక శనివారం మధ్యాహ్నం ఆమె ములక్కాడల కూర గిన్నెతో వచ్చారు.

"రావట్లేదేంటి?"

"ఆ మాట కొట్టేయించాననే కదండీ, దేవుడు ఆయన్ని తీసుకుపోయాడు? నేనే చంపుకున్నాను."

ఆమె గిన్నె కింద పెట్టి నా పక్కన చతికిలబడ్డారు.

"దేవుడు అంత చిన్నవాడేం కాదే పిచ్చిదానా. నా కూతురికి జ్వరం వచ్చినప్పుడు నేను ఆ మాట కొట్టేయలేదు. అయినా పోయింది."

ఆమెకు కూతురుండేదని నాకు అప్పటివరకూ తెలియదు.

"మరి ఇంకా ఎందుకు రాస్తారండీ?"

ఆమె కొబ్బరాకుల నీడ కదిలే వాకిలి వైపు చూశారు. "ఏడవడానికి నాకు వేరే ఒడి లేదమ్మా," అన్నారు. "కూర చల్లారిపోతోంది, తిను."

ఆ జవాబు నాకు ఈనాటికీ సగమే అర్థమైంది. ఆ సగాన్ని పట్టుకునే ఇంతదూరం వచ్చాను.

ఆ మరునాడు, ఆదివారం ఉదయం, మొదటి గంట మోగగానే చర్చికి వెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. చాప మీద మోకరించి, ముందు నా కోపమంతా చెప్పాను, ఒక్క మాటా దాచకుండా. తరువాత నుదురు నేలకు ఆనించి, ఏమీ అడగకుండా అలాగే ఉండిపోయాను.