అత్తా నేనూ ఒకే చాప మీద

మాది కర్ణాటకలో చింతామణి దగ్గర ఒక పల్లె. పట్టుపురుగులు పెంచుకుని బతికే ఇల్లు. నేను పుట్టింది బాగేపల్లి వైపు. పెళ్ళై ఈ ఊరొచ్చి పదహారేళ్ళయింది. ఇంట్లో మా ఆయన, ఇద్దరు ఆడపిల్లలు, మా అత్త. మామ పోయి చాలాకాలమైంది. ఎకరంన్నర మల్బరీ తోట ఉంది, ఇంటి వెనక రేకులు కప్పిన పురుగుల ఇల్లు ఉంది. అక్కడే నా నడుం పట్టేసింది.

పురుగులు పొర విడిచే రోజుల్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక వాటి ఆకలికి అంతుండదు. రోజుకు మూడుసార్లు కొమ్మలతో సహా ఆకు కోసుకొచ్చి పరవాలి. ఆ రోజు పొద్దున మా ఆయన తోటలోంచి తెచ్చి పడేసిన మోపును ఎప్పటిలాగే వంగి ఎత్తాను. సగం ఎత్తానో లేదో నడుంలో ఏదో కలుక్కుమంది. మోపు జారిపోయింది. నేను వంగినదాన్ని వంగినట్టే పురుగులు పరిచిన స్టాండు పట్టుకుని నిలబడిపోయాను. పైకి లేవలేను, కింద కూర్చోలేను. పురుగులు ఆకు తినే చప్పుడు చిన్న వానలా వినిపిస్తూనే ఉంది. ఇవి ఇంకా ఎనిమిది రోజులు తింటాయి, నేను పడుకుంటే ఎట్లా అన్నదే అప్పుడు నాకు తోచిన మొదటి ఆలోచన.

ఊళ్ళోకొచ్చే డాక్టరు సూది వేశాడు, మాత్రలు రాశాడు. ఎముకలు బాగానే ఉన్నాయని, పొట్ట కండరాల్లో బలం లేదని, రెండో కాన్పుకు ఆపరేషనయింది కదా, ఆ కండరాలకు బలం వచ్చే కసరత్తు చేయమని చెప్పాడు. ఏ కసరత్తు అని అడిగేలోగా తరువాతి మనిషిని పిలిచేశాడు.

నేను ఫోన్లో వెతికాను. పొట్ట గురించి ఎన్ని వీడియోలున్నాయో ఆ రోజే తెలిసింది. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. అందులో అందరూ చేసేది, నాకు సులభంగా అర్థమైంది ఒకటే. వెల్లకిలా పడుకుని, చేతులు తల కింద పెట్టుకుని లేచి కూర్చోవడం. చెమట పట్టి పొట్ట మండితే అది పనిచేస్తున్నట్టని ఒకాయన గట్టిగా చెప్పాడు. నమ్మాను. పొద్దున మొదటి మేత వేశాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చాప వేసుకుని మొదలుపెట్టాను. మొదటి రోజు ఎనిమిది. వారం తిరిగేసరికి ముప్పై. నా జీవితంలో నాకోసం నేను చేసుకున్న పని అదే మొదటిదేమో, లోపల కొంచెం గర్వంగా కూడా ఉండింది.

ఒకరోజు మా అత్త చూసింది. పొద్దస్తమానం వంగి లేచే మనిషికి మళ్ళీ ఈ లేవడం కూర్చోవడం ఎందుకని అడిగింది. ఎగతాళిగా అడగలేదు, మామూలుగానే అడిగింది. అయినా నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నా మనసులోనూ ఆ ప్రశ్నే ఉంది. నీళ్ళు మోస్తాను, ఆకు మోస్తాను, రోజంతా వంగే ఉంటాను. ఇంత పని చేసే ఒంటికి బలం ఎందుకు రాలేదు?

పది రోజులకు నొప్పి నడుం నుంచి తొడలోకి దిగింది. ఇంకొకటి కూడా గమనించాను. పడుకున్నదాన్ని లేస్తుంటే బొడ్డు పైన పొట్ట మధ్యలో ఒక గట్టులాగా పొడుచుకొస్తోంది. భయమేసింది. మా ఆయనతో చెప్పి చింతామణి వెళ్ళాను.

మందుల షాపు మీద చిన్న గది. అందులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. ఇరవై ఐదు దాటి ఉండవు. నేను కన్నడలో మొదలుపెడితే తాను తెలుగులోకి తిప్పింది. ఎక్కడ నొప్పి అని అడగకముందే రోజంతా ఏం పని చేస్తావని అడిగింది. పురుగుల పని చెప్పాను. మోపు ఎట్లా ఎత్తుతావో చూపించమని మూలనున్న దిండ్ల మూట చూపించింది. చూపించాను. తరువాత నా కసరత్తు చూపించమంది. ముప్పై చేసి చూపిద్దామనుకున్నాను. రెండోదానికే ఆపి, నా పొట్ట మధ్యలో వేళ్ళు ఆనించి తల కొంచెం ఎత్తమంది. రెండు వేళ్ళు లోపలికి దిగాయి. కాన్పప్పుడు పక్కలకు విడిపోయిన కండరాలు సరిగా దగ్గరికి రాలేదని, దాని మీద నేను రోజూ ముప్పైసార్లు లోపలినుంచి తోస్తున్నానని చెప్పింది.

ఆ తరువాత ఒక చిన్న పని చెప్పింది. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, నోటితో ఊపిరి వదులుతూ ఒక మడమను నేలమీద మెల్లగా ముందుకు జార్చాలి. నడుం నేలనుంచి లేవకూడదు. అంతే. ఇది చిన్నపిల్లల ఆటలాగుందే అనుకున్నాను. కుడికాలు జారింది. ఎడమకాలు జార్చేసరికి నడుం విల్లులాగా పైకి లేచింది. మళ్ళీ చేశాను, మళ్ళీ లేచింది. మోపులు మోసే దాన్ని, కాలు చాపుకోలేకపోయాను. సిగ్గేసింది, తరువాత ఎందుకో నవ్వొచ్చింది.

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అక్కా, ఎంత కష్టంగా ఉండాదో చూడొద్దు. చేసేటప్పుడు ఊపిరి ఆడతాందా, నడుము కదలకుండా నిలబడతాందా, ఆ రెండే చూడు. ఆ రెండూ లేకపోతే అది మంచి కసరత్తే కావచ్చు, కానీ ఇప్పటికి నీది కాదు."

పనిలో బలం ఎందుకు రాలేదని అడిగాను. ఊపిరి బిగబట్టి, వీపు ఒక్కదానితోనే లాక్కొస్తున్నావు, పొట్ట ఎప్పుడూ పనిలోకి రానే లేదు అంది. నాకు మూడే ఇచ్చింది. మడమ జార్చడం ఒకటి. పడుకుని నడుం పైకెత్తి నిలపడం ఒకటి. చేతులు, మోకాళ్ళు నేలకానించి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం ఒకటి. మోపు ఎత్తేటప్పుడు దానికి దగ్గరగా వెళ్ళి, మోకాళ్ళు వంచి, ఊపిరి వదులుతూ లేవమంది. లేచి కూర్చునే కసరత్తు పూర్తిగా మానేయమంది.

మానేయడం కష్టమైంది. ముప్పై చేసిన దాన్ని ఆరు చేస్తుంటే ఏమీ చేయనట్టే ఉండేది. చెమట పట్టదు, మంట ఉండదు. అయినా మూడో వారానికి ఎడమకాలు జార్చినా నడుం నేలకే ఆని ఉంది. తరువాతి పంట గూళ్ళు కట్టేనాటికి మోపు ఎత్తుతుంటే భయం తగ్గింది.

ఆ రోజుల్లో మా అత్త నడవలో కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటూ నన్ను చూస్తుండేది. ఒక మధ్యాహ్నం, పిల్లలు స్కూల్లో, మా ఆయన తోటలో ఉన్నప్పుడు, చేటను పక్కన పెట్టి అడిగింది.

"ఆ చింతామణి పాప ఆడోళ్ళ సంగతులు ఏమన్నా చెప్తాదా?"

ఏ సంగతులత్తా అన్నాను. వేళ్ళకంటిన అనప జిడ్డు తుడుచుకుంది.

"దగ్గితే నిలవదు. తుమ్మితే నిలవదు. బిందె ఎత్తితే నిలవదు. మీ ఆయన పుట్టినప్పట్నించీ ఇంతే. ఇప్పుడు ఎక్కువయింది. వానికి చెప్పొద్దు."

ఆమె నా వైపు చూడకుండానే మిగతాదీ చెప్పింది. బస్సెక్కాలంటే భయమట. గుంతల్లో బస్సు ఎగిరితే చీర తడుస్తుందని భయం. అందుకే ఎవరు పిలిచినా మోకాళ్ళ నొప్పులని చెబుతుందట.

ఆమె చెబుతుంటే నేను అన్నాళ్ళూ ఆమె గురించి వేసుకున్న లెక్కలు తప్పుతూ వచ్చాయి. బాగేపల్లిలో మా తమ్ముడి గృహప్రవేశానికి ఆమె రాలేదు. మా పుట్టింటివాళ్ళంటే చిన్నచూపని నేను అనుకున్నాను. ఇంత దగ్గరున్న కైవారం గుడికి పిల్లల్ని తీసుకుని పోదామన్నా వద్దంది. నాతో కలిసి పోవడం ఇష్టం లేదనుకున్నాను. ఆ మాట మా అమ్మతో ఫోన్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆమె ఉతికిన చీరలు ఎవరికీ ఇవ్వకుండా వెనకవైపు తానే ఆరేసుకుంటే అది కూడా మడి, పట్టింపు అనుకున్నాను. పదహారేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని నేనూ అడగలేదు.

మోకాళ్ళకని మా ఆయనతో చెప్పి ఆమెను చింతామణికి తీసుకెళ్ళాను. బస్సు వద్దని ఊళ్ళో ఆటో మాట్లాడాను. నేను బయట కూర్చుంటానంటే అత్త నా కొంగు పట్టుకుని ఉండమంది. ఆ అమ్మాయి అంతా విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది వేరే నొప్పి చెప్పి, వెళ్ళేముందు గడప దగ్గర నిలబడి ఈ సంగతి చెబుతారని అంది. ముందు లేడీ డాక్టరుకు చూపించి, గర్భసంచి జారలేదని తెలుసుకుని రమ్మంది. అట్లాగే చూపించుకొచ్చాం, జారలేదన్నారు.

రెండోసారి వెళ్ళినప్పుడు కసరత్తు చెప్పింది. పొట్టకు అడుగున, కూర్చునే చోట, ఊయలలాగా కొన్ని కండరాలుంటాయని, అవి కూడా ఈ నడుం బలంలో భాగమేనని చెప్పింది. ఊపిరి వదులుతూ వాటిని మెల్లగా పైకి లాగాలి, ఊపిరి పీలుస్తూ పూర్తిగా వదిలేయాలి. ఎట్లా లాగాలో మా అత్తకు అర్థం కాలేదు. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఆపుకుంటావు కదమ్మా, అట్లా అంది ఆ అమ్మాయి. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అంతవరకు చూడలేదు. దగ్గు వచ్చేముందు, బిందె ఎత్తేముందు కూడా అట్లాగే బిగించి అప్పుడు ఎత్తమంది. కుర్చీలోంచి ఊపిరి వదులుతూ లేవడం ఇంకొకటి. పడుకుని చేసేది మంచం మీద చేయొచ్చు కదా అని ఆ అమ్మాయి అంటే, మా ఇంట్లోది నవారు మంచం, మధ్యలో కుంగిపోతుందని అత్తే చెప్పింది. అయితే నేలే మేలు, పక్కకు తిరిగి చేతిమీద ఆనుకుని లేవమంది.

అట్లా నా చాప మీదికి మా అత్త వచ్చింది. మొదటి మేత వేశాక తలుపు దగ్గరికేసి ఇద్దరం పక్కపక్కనే పడుకునేవాళ్ళం. నేను లెక్కపెట్టేదాన్ని. ఆమె లెక్కపెట్టేది కాదు, ఊపిరి ఎంతసేపు పోతే అంతసేపు. చూస్తే ఆమెదే సరిగ్గా ఉండేది.

ఒక తప్పు చేశాను. నెల దాటేసరికి నాకు ఉత్సాహం ఎక్కువైంది. అప్పటికి ఆ అమ్మాయి నాకు మోచేతులమీద ఒళ్ళంతా పలకలాగా నిలపడం నేర్పింది. అది అత్త చేత కూడా చేయిద్దామనుకున్నాను. ఆమెకు చెప్పిన కసరత్తు కాదని నాకు తెలుసు. అయినా కొంచెంసేపే కదత్తా అని బలవంతం చేశాను. ఆమె మోచేతులు ఆనించి లేచింది. ముఖం ఎర్రబడింది, ఊపిరి బిగబట్టింది. నేను ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాను. ఉన్నట్టుండి కిందికి దిగి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

మూడు రోజులు చాప దగ్గరికి రాలేదు. నాలుగో రోజు నేనే వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె కోపంగా లేదు.

"నీకు తొందర ఎక్కువమ్మా. నువ్వు నన్ను బాగు చేయల్లని చూస్తాండావు. నాకు వచ్చిన రెండూ నన్ను చేసుకోనీ, చాలు."

ఆ మాట చాలా రోజులు నాతో తిరిగింది. ఫోన్లో చూసిన ఆ మనిషి నాకు చేసిందే నేను ఆమెకు చేశాను. కష్టమైనదే మంచిదనుకున్నాను. నా ఒంటికి సరిపోయింది దొరికాక, అందరి ఒళ్ళూ నాలాంటివే అనుకున్నాను. ఎవరి ఊపిరి ఎక్కడ ఆగిపోతుందో పక్కనున్నవాళ్ళకు కనిపించదు. చేస్తున్న మనిషికే తెలుస్తుంది, ఆ మనిషిని అడగాలి.

నాలుగైదు నెలలకు ఆమెకు చాలావరకు నిలిచింది. పూర్తిగా పోలేదు. జలుబు చేసి వరసగా తుమ్ములొస్తే ఇప్పటికీ ఇబ్బందే. కానీ మా తమ్ముడి కూతురి నామకరణానికి బాగేపల్లికి నాతో బస్సులో వచ్చింది. చేలూరు దాటాక రోడ్డు బాగా లేదు. బస్సు ఎగిరినప్పుడల్లా నేను ఆమె ముఖంలోకి చూస్తుంటే, నన్ను చూడక కిటికీ చూడమంది. మా అమ్మ ఆమెను చూసి ఏం పెట్టాలో తెలియక రెండుసార్లు కాఫీ ఇచ్చింది. ఇద్దరూ వంటింట్లో చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చాక మా అమ్మ ఫోన్ చేసి, మీ అత్త మంచిదే కదే అంది. అవునమ్మా అన్నాను. అంతకుమించి చెప్పడానికి నాకు హక్కు లేదు, అది అత్త రహస్యం. తరువాత కొన్నాళ్ళకు ఆమే మా ఆయనకు చెప్పుకుంది. ఆయన వెళ్ళి పెద్ద బిందెలు అటక మీద పడేసి, చిన్నవి రెండు కొనుక్కొచ్చాడు.

నా పొట్టలో ఇప్పుడు ఒక వేలు పడుతుంది. అంతకంటే తగ్గకపోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. నడుం మాత్రం మళ్ళీ పట్టెయ్యలేదు. పంట పంటకూ నా కసరత్తులు మారుతుంటాయి. నాలుగో జ్వరం తరువాత పని ఎక్కువ కాబట్టి మడమ జార్చడం, ఊపిరి మాత్రమే చేస్తాను. గూళ్ళు దించి చేతులు ఖాళీ అయినప్పుడు మిగతావి. చేయని రోజులూ ఉన్నాయి.

మొన్న పక్కింటామె వచ్చి, పొట్టకు ఏ కసరత్తు మంచిదో చెప్పమని నన్నడిగింది. ఆమెకు ముప్పై ఏళ్ళుండవు, మూడో కాన్పయి ఏడాదయింది. నేను మడమ జార్చడం గురించి మొదలుపెట్టబోయాను. మా అత్త చాప కొంచెం జరిపి ఆమెకు చోటిచ్చింది.

"ముందు కూసో. నీకు ఏమయితాందో చెప్పమ్మా. కసరత్తు సంగతి తరవాత చూస్తాము."

ఆమె కూర్చుంది. చాప అంచు పీకుతూ ఉండిపోయింది. నేను లేచి తలుపు దగ్గరికేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.