అర్బాబు బండి ముక్కు

మొన్న మా బామ్మర్ది కొత్తగా కొన్న కరెంటు కారు చూపించడానికి వచ్చి, వాకిట్లో ఆపీ ఆపకముందే ముందు మూత ఎత్తి, లోపలి ఖాళీ పెట్టెను చూపిస్తూ, "సూడు బావా, ఇంజనే లేదు, మన అర్బాబు బండి లెక్కనే!" అని పగలబడి నవ్వాడు. మా ఆవిడ కూడా తమ్ముడితో కలిసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహా అంతా తవ్వి పోస్తున్న రోజులవి. అల్ హిలాల్ పేట‌లో ఒక ఖతరీ యజమాని విల్లాలో బండ్లు చూసుకునే మెకానిక్కుని నేను. ఆయనను మేమంతా అర్బాబు, అంటే దొర, అనేవాళ్లం. ఆయన బండ్లలో ఒకటి ఎర్రటి ఇటలీ కారు. నా రొమ్మెత్తు కూడా ఉండేది కాదు. దాని ముందు మూత కింద ఖాళీ పెట్టే, ఇంజను సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. నీళ్ల బిందెను చేతులు చాచి పట్టుకుంటే ఒళ్లు ఊగుతుంది, నడుముకు ఆనించుకుంటే ఊగదు. బరువంతా నడుమ పెట్టిన ఆ బండి మలుపులో అలాగే నిలకడగా తిరిగేది. అయితే అక్కడున్న ఇంజనుకు ఎదురుగాలి తగలదు కదా, అందుకని తలుపుల వెనక రెండు పక్కలా లోతైన సందులు, వాటి లోపల రేడియేటర్లు, ఫ్యాన్లు పెట్టారు. తలుపు మీద అందానికి చెక్కినట్టు కనిపించే గీతే గాలిని ఆ సందులోకి నడిపించే దారి. అది గీసిన మనిషెవరో గానీ, మెట్రో గోతుల దుమ్ము ఆ సందుల జాలీలకు పట్టకుండా రోజూ తుడుస్తూ మనసులో ఆయనకు దండం పెట్టుకునేవాణ్ణి.

మా బామ్మర్దిని వీసా పెట్టించి అక్కడికి తీసుకుపోయింది నేనే, పానా పట్టడం నేర్పిందీ నేనే. "గీ బండి ముక్కు ఏడుందే బావా?" అని వాడు అడిగితే ఆ సందు చూపించి, ఇది మూసుకుపోతే ఇంజను ఉడికిపోతుందని మరీ మరీ చెప్పాను.

ఒకరోజు అర్బాబు చుట్టాలకు కొత్త స్టేడియం చూపించడానికి ఆ బండి తీస్తానన్నాడు. జనమంతా చూస్తారు, దిష్టి తగులుతుందని మా వాడు నిమ్మకాయ, మిరపకాయలు నల్లదారానికి గుచ్చి తెచ్చాడు. వద్దురా, అర్బాబుకు నచ్చదన్నాను. "కండ్లవడకుంట కడ్త తియ్యి," అన్నాడు. గట్టిగా వద్దని చెప్పి నేను వేరే బండి పనిలో పడ్డాను. వాడు దాన్ని తీసుకుపోయి, నేను చూపించిన ఆ ముక్కులోనే లోపలికంటా కట్టాడు.

ఫ్యాన్ దారాన్ని లాక్కుని చుట్టుకుని ఆగిపోయింది. సముద్రం పక్క రోడ్డు మీద, చుట్టాల ముందు, ఆ బండి ఆవిర్లు కక్కి నిలబడిపోయింది. దాన్ని వేరే బండి మీద ఎక్కించి తెచ్చాక, హైదరాబాదు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ ఫ్యాన్ రెక్కల్లోంచి ఒక నలిగిన మిరపకాయను రెండు వేళ్లతో బయటికి లాగాడు.

"యే క్యా మియా? గిది ఇటలీ సామాన్ అయితే కాదు. ఎవరు కట్టిన్రు? సచ్ చెప్పుండ్రి, అర్బాబ్ అడుగుతుండు."

అక్కడ తెలుగు హిందువులం మేమిద్దరమే. నేను మా వాడి మొహం చూశాను. వాడు నా వైపు వేలు చూపించి, "ఆ బండి పనంత మా బావదే సేట్, నాకేం ఎర్క," అన్నాడు. నేను నోరు విప్పితే కొత్తగా వచ్చిన వాణ్ణి ఇంటికి పంపేస్తారు. అందుకే విప్పలేదు. మర్నాడైనా వాడే చెబుతాడనుకున్నాను. ఆ మర్నాడు ఇంతవరకూ రాలేదు.

నన్ను రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు‌కు కూలీలను చేరవేసే బస్సుల రిపేరుకు పంపారు. ఎర్ర బండి తాళం వాడి చేతికి పోయింది. కప్పు దగ్గర పడ్డాక ఆ బండికి జెండాలు కట్టి ఊరేగించినప్పుడు, దాన్ని ఆనుకుని వాడు దిగిన ఫోటో ఇప్పటికీ మా అత్తగారింట్లో గోడకు ఉంది. వచ్చినవాళ్లందరికీ మా అత్త, దుబాయిల మా పిలగాని బండి, అని చూపిస్తుంది. అది దుబాయి కాదు, ఆ బండి వాడిదీ కాదు. నేను ఆ గోడకు వీపు పెట్టి కూర్చుని అన్నం తిని వస్తాను. పాత సంగతి పోనీయమంటుంది మా ఆవిడ. ఏళ్లు పోయాయి గానీ అది పోలేదు.

ఇప్పటి బండ్లకు ఇంజను చప్పుడు లేదు, వేడెక్కిన నూనె వాసన లేదు, చెయ్యి పెట్టి చూస్తే ఊపిరి తగిలే చోటే లేదు. చల్లటి ఆ ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి నేను నిలబడి ఉంటే, మా బామ్మర్ది జేబులోంచి నల్లదారం తీశాడు. అదే నిమ్మకాయ, అవే మిరపకాయలు.

"ఏడ కట్టాలె బావా? నీకైతే ఎర్కుంటది," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. వాడికి గుర్తే లేదు.

నేను మూత వేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.