జగన్నాథరావుగారి ఒకే ఒక్క క్రియ

జగ్గయ్యపేట సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చునే దస్తావేజు లేఖరి జగన్నాథరావుగారికి ఒకటే జబ్బు. ఎవరు ఏ కాగితం రాయించుకోవడానికి వచ్చినా, కలం సిరాలో ముంచే ముందు స్పానిష్ భాషలో ‘మాట్లాడు’ అనే క్రియను అప్పజెప్పేవారు. అప్పజెప్పనిదే కలం కదలదు. అమ్మకం కానీ, వీలునామా కానీ, పంపకాలు కానీ, ముందు స్పెయిన్ దేశం వెళ్ళి రావలసిందే.

"ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా. ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్. నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాడు మాట్లాడతాడు. తెలిసిందా?"

"తెలిసిందండీ. మరి పొలం కాగితం..."

"ఉండవయ్యా, ఇంకా నిన్నటి దగ్గరికి రాలేదు."

నిన్న అయ్యాక మొన్న, మొన్న అయ్యాక రేపు. ఆ తర్వాత ‘అయితే గియితే’ వరస. ఒక్కోసారి దాని తర్వాత కోరికల వరస కూడా. రైతులు తలపాగాలు విప్పి, మళ్ళీ చుట్టుకుని, మళ్ళీ విప్పేవారు.

అందరికంటే ఎక్కువ బాధపడినవాడు స్టాంపు వెండరు ఖాజావలి. అతని పెట్టె అదే వరండాలో, జగన్నాథరావుగారి రాతబల్లకు మూడు మూరల దూరంలో ఉండేది. పదకొండేళ్ళుగా విని విని ఆ క్రియ అతనికి వద్దన్నా వచ్చేసింది. ఒకసారి సంతలో వంకాయలు బేరమాడుతూ "ఆబ్లామోస్" అనేశాడు. వంకాయలమ్మి భయపడి ఒక గుప్పెడు ఎక్కువే వేసింది.

ఆ భాష జగ్గయ్యపేటకు పోస్టులో వచ్చింది. దస్తావేజులు రాయడం గురించిన పుస్తకం కావాలని జగన్నాథరావుగారు మద్రాసులో ఒక పుస్తకాల కొట్టుకు ఉత్తరం రాశారు. వాళ్ళు ‘ఇంట్లోనే స్పానిష్ నేర్చుకోండి’ అనే ఇంగ్లీషు పుస్తకం పంపారు. తిప్పి పంపమని పోస్టుమాస్టరు చెప్పాడు.

"ఇంటికొచ్చిన విద్యను గుమ్మంలోంచి వెళ్ళగొడతామటండీ!" అని ఆయన పుస్తకాన్ని అటక మీద పెట్టుకుని రోజుకో పేజీ చదివారు. ఆయన మొదటి క్రియ పూర్తిచేసేలోపు చెదలు మిగతా పుస్తకం పూర్తిచేశాయి.

"పంతులుగారూ, స్పానిష్‌లో తినడాన్ని ఏమంటారండీ?" అని ఎవరైనా అడిగితే, ఆయన నిట్టూర్చేవారు. "అది చెదలు తినేశాయి నాయనా."

ఆయన భార్య భారతీదేవిగారు మాత్రం ఎప్పుడూ తొణకలేదు. "మా వారికి వచ్చింది ఒక్క మాట. అదీ మాట్లాడ్డం అనే మాట. ఇంకో మాట రాదు కాబట్టి నేను బతికిపోయాను" అనేవారు.

ఆ విద్య ఒక్కసారి ఊరికి అక్కరకొచ్చింది. చిల్లకల్లు దగ్గర రోడ్డు మీద ఒక దొర జీపు ఆగిపోయింది. దొరకు ఇంగ్లీషు రాదు. జనం పరుగున వచ్చి జగన్నాథరావుగారిని బండెక్కించి తీసుకుపోయారు. ఆయన కండువా సర్దుకుని, రోడ్డు మధ్యన నిలబడి, క్రియను ఆమూలాగ్రం వినిపించారు. దొర టోపీ తీసి, చివరిదాకా తలవంచుకుని నిలబడ్డాడు. తర్వాత తెలిసిందేమిటంటే దొరది జర్మనీ. ఏదో ప్రార్థన చేస్తున్నారనుకున్నాడు పాపం. అంతలో జీపు దానంతటదే కదిలింది. ఆ కీర్తి కూడా క్రియ ఖాతాలోనే పడింది.

ఖాజావలికి ఈ కీర్తితో పనిలేదు. అతని గోల అతనిది. లేఖరి ఫలానా స్టాంపు కావాలని చెబితేనే కదా, జనం తన దగ్గర కొనేది! సగంమంది క్రియ మధ్యలోనే లేచి ఇంటికి పోయేవారు.

"పొద్దున వత్సవాయి నుంచొచ్చిన అన్నదమ్ములు కూడా పోయారండీ! పంపకాల కాగితం. తలలు పగలగొట్టుకుని మరీ వచ్చారు. మీ ఆబ్లో దెబ్బకి ఒకే బండెక్కి పోయారు!"

"పోనీవయ్యా. దార్లో వానొస్తుందేమో, పెందరాడే వెళ్ళడం మంచిదే."

"మీకు వేళాకోళంగా ఉంది. ఇలాగైతే నా పెట్టె ఎవడు తెరవాలి? అక్కడ ఏలీయాగారు చూడండి. వచ్చీరాగానే రాసి పారేస్తాడు."

వరండా రెండో చివర కూర్చునే లేఖరి ఏలీయా నిజంగానే చురుకైనవాడు. వచ్చినవాడు కూర్చునేలోపు సగం కాగితం నింపేవాడు. జగన్నాథరావుగారు అటు చూసి, "చెయ్యి మంచి వేగం" అని మెచ్చుకుని, మళ్ళీ క్రియలో పడేవారు.

అలా ఉండగా పందొమ్మిది వందల అరవై ఒకటి వానాకాలంలో ఖాజావలి ఇంటి మీదికే వచ్చింది. తండ్రి ఇచ్చిన ఇల్లు ఒకటే. ముందు సగం ఖాజావలిది, వెనక సగం అతని అక్క హుస్సేన్‌బీది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక ఆ వెనక సగంలోనే ఒక మేకను పెట్టుకుని ఉంటోంది. ఒకరోజు ఇల్లు కారి స్టాంపు కాగితాలు చెమ్మగిల్లాయి. ఎండ పొడ కనబడగానే ఖాజావలి వాటిని నులకమంచం మీద ఆరబెట్టి, లోపలికెళ్ళి వచ్చాడు. వచ్చేసరికి మేక మూడు కాగితాలు మింగి, నాలుగో దాని మీద ప్రభుత్వ ముద్రను నాకుతోంది.

ఖాజావలి మేకను కొట్టాడు. హుస్సేన్‌బీ వచ్చి ఖాజావలిని కొట్టింది.

"ప్రభుత్వం కాగితాలక్కా అవి! లెక్క చెప్పాలి నేను!"

"పచ్చిగడ్డి పక్కన కాగితాలు ఆరేసే తెలివితక్కువ వెధవ్వి నువ్వు. మూగజీవి మీద చెయ్యెత్తుతావా? ఈ రోజు నుంచి నేను నీకు అక్కని కాను, నువ్వు నాకు తమ్ముడివి కావు!"

నాలుగు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకే బావి దగ్గర ఎదురుపడి, ఒకరి చేద ఒకరు తప్పించుకుని నడిచారు. నాలుగో రోజు ఖాజావలికి పట్టుదల తలకెక్కింది. ముందు సగం గోడౌనుకు కావాలని నందిగామ మిర్చి వ్యాపారి ఒకాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఖాజావలి కబురు పెట్టాడు. వ్యాపారి ఐదో రోజు పొద్దున బస్సుకే దిగి, ఆఫీసు ఎదుటి హోటల్లో టీ తాగుతూ కూర్చున్నాడు.

"పంతులుగారూ, అమ్మకం కాగితం రాయండి. నా సగం ఇల్లు అమ్మేస్తున్నా."

జగన్నాథరావుగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "మీ అక్కకు చెప్పావా?"

"నాకు అక్కెవరండీ? లేదు."

"అలాగే రాద్దాం. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా..."

"నాక్కూడానా!"

"నీకు మాత్రం మినహాయింపేముందోయ్?"

"అబ్బ! నాకొచ్చండీ అది. నేనే చెప్పేస్తా, మీరు రాసుకోండి" అని ఖాజావలి ఊపిరి బిగబట్టి నేడు, నిన్న, మొన్న, రేపు ఒక్క గుక్కలో వదిలిపెట్టాడు.

జగన్నాథరావుగారు శ్రద్ధగా విన్నారు. "తొందరలో రెండు తప్పులు పోయాయి. మళ్ళీ మొదట్నుంచి రావాలి."

మొదట్నుంచి వచ్చారు. ఎండ వరండా మెట్టు ఎక్కింది. జగన్నాథరావుగారు ఒక్కో మాట పలికి, దానికి తెలుగు చెప్పి, కిళ్ళీ ముక్క నోట్లో వేసుకుని, ఇంకో మాటకు వెళ్ళేవారు. అయితే గియితే వరస వచ్చింది. "ఆబ్లారియా. అంటే, నేను మాట్లాడేవాణ్ణే. ఆబ్లారియాస్. నువ్వూ మాట్లాడేవాడివే." ఖాజావలి నేలచూపులు చూశాడు. తర్వాత కోరికల వరస వచ్చింది. "నేను మాట్లాడితే బాగుండు. నువ్వు మాట్లాడితే బాగుండు. ఆవిడ మాట్లాడితే బాగుండు."

"ఆవిడెవరండీ మధ్యలో?"

"పుస్తకంలో ఉందోయ్. నేను కల్పించింది కాదు."

వ్యాపారి మూడుసార్లు వచ్చి తొంగిచూశాడు. మూడోసారి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నేను ఇల్లు కొనడానికొచ్చానయ్యా, పరీక్షకి కూర్చోడానికి కాదు" అని గొడుగు తీసుకుని, ఒంటిగంట నందిగామ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అతన్ని ఆపడానికి లేవబోయిన ఖాజావలి లేవలేదు. అతనికి ఒక సంగతి తట్టింది. ఈ కోరికల వరస తను రోజూ వినడు. ఎప్పుడు విన్నాడు? తలలు పగిలిన వత్సవాయి అన్నదమ్ములు వచ్చినప్పుడు విన్నాడు. ఉన్నదంతా మరిది కొడుక్కి రాసిచ్చేసి ఎటైనా పోతానని బసవమ్మ అనే ఆవిడ ఏడుస్తూ వచ్చినప్పుడు విన్నాడు. మరి మొన్న ఒక తాతగారు మనవరాలు రత్నమణి పెళ్ళికి నవ్వుతూ ఎకరం రాసిచ్చినప్పుడు? ఆబ్లో నుంచి ఆబ్లాన్ దాకా ఆరు మాటలు. అంతే, కలం సిరాలో మునిగింది. మధ్యలో లేచి ఇంటికి పోయినవాళ్ళందరూ ఎర్రటి కళ్ళతో వచ్చినవాళ్ళే.

"పంతులుగారూ, మీరు మనిషిని బట్టి కొలిచి పోస్తారా ఇది?"

జగన్నాథరావుగారు గొంతు సవరించుకున్నారు. అప్పటికే అది బొంగురుపోయింది. "మరేం చెయ్యమంటావోయ్? కాస్త ఆగి ఆలోచించండయ్యా అంటే, ముసలాడు నీతులు చెబుతున్నాడని ఏలీయా దగ్గరికి పోతారు. పిచ్చివాడనుకుంటే నవ్వుకుంటూ కూర్చుంటారు. రిజిస్టరయ్యాక కాగితం వెనక్కి రాదు. కోపం మాత్రం గంటలో వెనక్కి పోతుంది."

"పదకొండేళ్ళు! నాకొక్క ముక్క చెప్పలేదే!"

"చెబితే వచ్చిన ప్రతివాడికీ స్టాంపుతో పాటు ఇదీ చెబుతావు."

ఖాజావలికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఇల్లు పోలేదు. వెనక సగంలో అక్క ఉంది. ముందు సగంలో మిర్చి బస్తాలు లేవు. "అమ్మయ్య" అన్నాడు పైకే, పక్కనెవరున్నారో చూసుకోకుండా.

అంతలో హుస్సేన్‌బీ మెట్లెక్కింది. ముసుగు బిగించి ఉంది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తమ్ముడి వంక చూడనైనా చూడలేదు.

"పంతులుగారూ, కాగితం రాయండి. నా సగం కూడా వాడి పేరే రాసెయ్యండి. ఏలుకోమనండి మహారాజుని. నేను చిల్లకల్లు పోతా, మా అమ్మాయి దగ్గరికి. మళ్ళీ ఈ గడప తొక్కను."

ఖాజావలికి తెలుసు. అక్క మాటంటే మాటే. పెళ్ళైన పిల్ల ఇంట్లో ఒక మూల సర్దుకుని, పస్తులైనా ఉంటుంది కానీ తిరిగి రాదు. ఆఫీసులో కాగితాలు తీసుకోవడం ఆపడానికి ఇంకా గంటన్నర ఉంది.

"మొదలెట్టండి పంతులుగారూ!" అన్నాడు కంగారుగా.

జగన్నాథరావుగారు నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ తెరిచారు. బుసకొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. గొంతు చూపించి, చేతులు తిప్పేశారు.

"ఈయనకు బాలేనట్టుంది. ఏలీయాగారున్నాడుగా" అని హుస్సేన్‌బీ అటు నడిచింది. ఏలీయా అప్పుడే కలం అందుకున్నాడు.

ఖాజావలి ఒక్క దూకు దూకి అక్క ముందు నిలబడ్డాడు. "ఆబ్లో!" అన్నాడు.

"ఏంట్రా?"

"ఆబ్లాస్! ఆబ్లా! ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్!"

"నాలుగ్రోజుల తర్వాత నోరిప్పి ఏంట్రా ఈ కూతలు? తప్పుకో."

తప్పుకుంటే అయిపోతుంది. ఖాజావలి చేతులు చాపి దారి కట్టేసి నిన్నటి వరస అందుకున్నాడు. "ఆబ్లే, ఆబ్లాస్తే, ఆబ్లో..." వరండాలో జనం పోగయ్యారు. ఏలీయా కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఖాజావలికి చెమటలు కారుతున్నాయి. అయినా ఆపలేదు.

హుస్సేన్‌బీ మొహంలో కోపం మెల్లగా చెదిరింది. దాని వెనక నుంచి భయం వచ్చింది. చెయ్యి చాపి తమ్ముడి నుదురు పట్టి చూసింది.

"ఒరేయ్ ఖాజా! ఏమైందిరా నీకు? అన్నం తిన్నావా?"

"ఆబ్లారే, ఆబ్లారాస్, ఆబ్లారా..."

"అయ్యో నా తమ్ముడు! నాలుగు రోజులు నేను చూడకపోతే ఇలా అయిపోయాడే!" అంటూ జగన్నాథరావుగారి మీదికి తిరిగింది. "ఏవండీ, పెద్దమనిషి అని మీ పక్కన కూర్చోబెడితే మా వాణ్ణి ఇలా చేశారా?"

జగన్నాథరావుగారు మాట్లాడలేక చేతులు జోడించారు. కళ్ళు మాత్రం మెరిసిపోతున్నాయి.

"కాగితం రాయమంటారామ్మా?" అన్నాడు ఏలీయా.

"నీ కాగితం తగలెయ్య! మనిషి ఇలా ఉంటే కాగితమా?" అని ఆవిడ ఖాజావలి మణికట్టు పట్టుకుని మెట్లు దింపింది. యాభై ఏళ్ళ మనిషి, కచేరీ వెండరు, నోరెత్తకుండా అక్క వెంట నడిచాడు. స్టాంపు పెట్టెకు తాళం వేయడం కూడా మరిచిపోయాడు. జగన్నాథరావుగారే దాన్ని తన బల్ల కిందికి జరుపుకుని, దాని మీద కాలు పెట్టి కూర్చున్నారు.

సందు మొగలో హుస్సేన్‌బీ ఆగింది. "ఇంతకీ ఆ మాటకు అర్థమేంట్రా?"

"మాట్లాడ్డం అక్కా."

"మాట్లాడ్డమా? మరి ఆ ముక్క పొద్దున బావి దగ్గర తెలుగులో ఏడిస్తే పోయేది కదరా!"

ఖాజావలి పకపకా నవ్వాడు. హుస్సేన్‌బీ తిట్టడం ఆపలేదు, చెయ్యీ వదల్లేదు.