అక్క పాత్రకు తగ్గించిన శక్తి

మా ఆటలో అక్క పాత్ర శక్తిని తగ్గించింది మా స్నేహితుడే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. అతని ముందే చాలాసార్లు అన్నాను. "ఇంకా గదేనా?" అంటాడు. అవును, ఇంకా అదే.

ఆట అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు ఆ కథలో ఒక్కో మనిషిగా మాట్లాడతారు, పోరాడతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. చంద్రపూర్‌లో ఇట్లాంటివి ఆడేవాళ్లు తక్కువ. నాగపూర్‌లో చదువుకుని వచ్చిన ఈ స్నేహితుడే మాకు నేర్పాడు. బజార్లో వాళ్లకు బట్టల దుకాణం ఉంది. బయటి ఆటల్లో అన్నీ కోటలు, మంచు కొండలు, మనకెందుకవి, మనది మనమే చేసుకుందాం అన్నాడు. మూతబడిన బొగ్గు బావి, నీళ్లు నిండిన దారులు, లోపల చిక్కుకున్నవాళ్లను వెతకబోయే మనుషులు: ఈ ఊహ నాది. లాల్‌పేట్ బొగ్గుగని క్వార్టర్లలో పుట్టినవాణ్ణి, నాన్న బావిలో దిగి పనిచేసిన మనిషి. పుస్తకం అట్ట మీద మాత్రం పేరు అతనొక్కడిదే. అది వేరే పంచాయితీ.

ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో, కూలర్ చప్పుడులో కూర్చునేవాళ్లం. కథ స్నేహితుడిది. బావిలో ఎదురయ్యే భూతాల తరఫున నేను. వెతకబోయే ఇద్దరు మనుషులుగా అక్క, అక్కతో కాలేజీలో చదివిన, మాజ్రి అనే ఊరి అమ్మాయి. ఆ అమ్మాయి బడి చదువంతా మరాఠీలోనే, తెలుగు ఇంట్లో మాట్లాడటం వరకే. నియమాలు రాసుకున్నది మరాఠీలో, వాటి మీద కొట్లాడింది తెలుగులో. ప్రాణాల లెక్కకు చింతగింజలు. దెబ్బ తగిలితే గింజ పక్కకు తోసెయ్యాలి.

ఇట్లాంటి ఆటలో కష్టమైన పని శక్తులను తూచడం. ఒక శక్తి ఎంత ఇస్తుందో అంత తీసుకోవాలి. లేదంటే అందరూ ఆ పాత్రనే అడుగుతారు, మిగతావి మూలన పడతాయి. మాజ్రి అమ్మాయి పాత్రకు ఆకుల సంచి ఇచ్చాం. ఆకు పెడితే తనకో పక్కవాళ్లకో పోయిన గింజ తిరిగి వస్తుంది, కానీ ఆ వంతులో తను ఇంకేమీ చెయ్యలేదు. అక్క తన శక్తిని తనే చేసుకుంది. తగిలిన దెబ్బను "ఇప్పుడు కాదు" అని వాయిదా వెయ్యొచ్చు. మూడు వంతులయ్యాక అది వచ్చి పడుతుంది, పైన ఇంకొకటి కలుపుకుని.

అక్కకు చిన్నప్పటి నుంచి సికల్‌సెల్ అనే రక్తపు జబ్బు. నొప్పి లేచిన రోజుల్లో మంచం దిగలేకపోయేది. లేనప్పుడు చూస్తే జబ్బుందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

"పెండ్లిల పొద్దంత నవ్వుకుంట తిరుగుత. తెల్లారి మంచం పడ్త," అంది ఆ రోజు. "గదే నా శక్తి. రాస్కో."

ఆ ఆట నుంచి ఆమెకు కావాల్సింది ఒక్కటే. తను చేసిన శక్తి, దాని ధరతో సహా, నిజంగా ఆడి నిలబడి పుస్తకంలోకి వెళ్లాలి. జాలిపడి ఎవరూ ఏమీ చెయ్యకూడదు.

పరీక్షగా ఆడడం మొదలుపెట్టాం. అక్క వాయిదా వేసిన దెబ్బలు పడే వంతులోనే నా భూతాన్ని ఆమె మీదికి పంపేవాణ్ణి. శత్రువు అనేవాడు చేసే పని అదే. మాజ్రి అమ్మాయి తల కొట్టుకునేది.

"అరే, కాయ్ రే తూ! సొంత అక్కనే గట్ల పొడుస్తవా?"

"పొడవనియ్యవే," అనేది అక్క. "గందుకే కూసున్న."

"రాయి గుండె వీనిది."

"రాయి గాదు, బొగ్గు. మా నాయిన తెచ్చిండు బావికెల్లి."

కానీ పాచిక వేసేది నేను కాదు. స్నేహితుడు అడ్డంగా ఒక అట్ట నిలబెట్టి, దాని వెనకాల వేసి, ఎంత పడిందో పైకి చెప్పేవాడు. నా భూతాలు అక్క మీదికి పోయినప్పుడల్లా "తప్పింది" అనేవాడు. ఎప్పుడో ఒకటి తగిలిందన్నా, ఆ వాయిదా దెబ్బ పడే ముందే మాజ్రి అమ్మాయి ఆకు తీసేది.

"నీ మనిషే సావబోతుండు, నాకెందుకే ఆకు?" అని అక్క అడిగితే, "నా ఆకులు, నా ఇష్టం" అనేది.

ఒకరోజు అక్క అట్ట మీద వేలితో కొట్టింది. "పాచిక చూపియ్యి."

"దాచి వేస్తేనే మజా అక్కా."

"మజా గాదురా. నువ్వు నాకు ఆరతి పడుతున్నవ్. నేను ఆడనీకి వచ్చిన."

అతను నవ్వి, మళ్లీ అట్ట వెనకాలే వేశాడు.

అట్లా ఎన్ని వారాలు ఆడినా అక్క పాత్ర చావలేదు. ఎంత లోపలికి పోయినా బయటికొచ్చేది. చివరికి ఒక ఆదివారం స్నేహితుడు తీర్పు చెప్పాడు. "అక్కా, ఈ శక్తి మస్తు ఎక్కువైతుంది. వేరే పాత్ర ఎవ్వరు తీసుకోరు. ఆట మొత్తంల ఒక్కసారే వాడాలె."

నేను ఊరుకోలేదు. "ధర పడనిస్తె గదా తెలిసేది! నువ్వు పాచికే చూపియ్యవు, ఆమె సంచి మూయదు."

"నీకు ఓడిపోవుడు పడదురా, గంతే," అన్నాడు.

ఆ మాట నా దగ్గర భద్రంగా ఉంది. కానీ నేను దానికి జవాబు చెప్పేలోపే అక్క అడిగింది.

"నేనేం తప్పు ఆడిన?"

స్నేహితుడు అట్ట మడిచి, పాచిక జేబులో వేసుకున్నాడు. అమ్మ మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. అక్క తన గింజలను బల్ల మధ్యకు తోసి, లేచి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ నన్ను పిలిచింది.

"నువ్వైతె ఇడిసిపెట్టలేదు గదరా?"

"లేదు."

"మంచిగ చేసినవ్."

ఆ తర్వాత ఆమె ఆటకు కూర్చోలేదు. వాళ్లు వచ్చినప్పుడు టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఎండాకాలం వచ్చింది. చంద్రపూర్ ఎండ మంచి ఒంట్లోనే రక్తాన్ని కాగబెడుతుంది. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చాం, మళ్లీ తీసుకెళ్లాం. రెండోసారి తేలేదు. స్నేహితుడు రక్తం ఇచ్చాడు, మందుల కోసం ఎండలో తిరిగాడు, నాన్నను పట్టుకుని కూర్చున్నాడు. అది కాదనను. దానికీ దీనికీ సంబంధం లేదు.

కొన్ని నెలలకు పుస్తకం అచ్చయింది. అక్క గుర్తుగా ఆమె పాత్రకు ఒక పేజీ మొత్తం ఇచ్చాడు. ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మకు చదవడం రాదు. పేజీని కళ్లకద్దుకుంది. నేను తీసుకుని చదివాను. "దెబ్బను వాయిదా వేయగలదు. ఆటలో ఒక్కసారి మాత్రమే." దీపావళి బట్టలకు వచ్చినవాళ్లతో దుకాణం నిండి ఉన్నా ఆగకుండా మర్నాడే వెళ్లాను.

"ఆ పాచిక నిజంగ ఎంత పడేటిది?" అన్నాను.

అతను పరిచిన చీర మడతపెడుతూనే ఉన్నాడు. కొనేవాళ్లు లేచి వెళ్లాక చెప్పాడు. "పడేటిదిరా. చానసార్లు తగిలేది. ఆమె చేతుల మీద సూది మచ్చలు చూసుకుంట ఎట్ల చెప్పమంటవ్?"

"మరి తగ్గించినప్పుడు గది యాదికి రాలేదా?"

"రాలేదు," అన్నాడు. "నిజంగనే రాలేదు. ఆమె గెలుసుడే చూసిన. గా గెలుపు నేనే ఇచ్చిన్నని మర్చిపోయిన."

తిట్టడానికే వెళ్లాను, తిట్టాను కూడా. కానీ ఆ జవాబు విన్నాక తిట్టు సరిగ్గా ఎక్కడ తగలాలో తెలియలేదు. మాజ్రి అమ్మాయిని పిలిపించమన్నాను. అట్ట లేకుండా ఆడదాం, పాచిక నేను బల్ల మీద వేస్తాను, అక్క శక్తి అక్క చెప్పినట్టే ఉండాలి అన్నాను.

ఆ ఆదివారం మాజ్రి అమ్మాయి అక్క పాత్ర తీసుకుంది. ఆకుల సంచి స్నేహితుడికి ఇచ్చాం. మొదటి ఆటలో ఆమె మూడు దెబ్బలు వాయిదా వేసుకుంటూ చాలా లోపలికి పోయింది. అవన్నీ తిరిగి వచ్చే వంతుల్లోనే నేను భూతాన్ని పంపాను. పాచిక అందరి ముందూ దొర్లింది. పాత్ర అక్కడే, నీళ్లలో కూలింది. రెండో ఆటలో చిక్కుకున్న మనిషిని బయటికి లాక్కొచ్చి, ఇంకా పడాల్సిన దెబ్బలతో బావి గట్టున కూర్చుంది. మూడో ఆటలో మళ్లీ కూలింది. శక్తి సరిగ్గానే ఉంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. మొదటి రోజు నుంచీ అంతే.

"తీ బరోబర్ హోతీ రే," అంది మాజ్రి అమ్మాయి. ఆమె చెప్పిందే కరెక్టని. గింజలు ఏరుతూ ఏడ్చింది. "నా ఆకులే ముంచినయ్."

స్నేహితుడు దుకాణంలో మిగిలిన పుస్తకాలన్నిటిలో ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, అక్క మాటలు రాస్తానన్నాడు. రాస్తున్నాడు కూడా, వెళ్లి చూశాను. కానీ "నేనేం తప్పు ఆడిన" అని అడిగిన మనిషికి ఏ తప్పూ ఆడలేదని ఇప్పుడెవరు చెబుతారు? అది అతనికి మాఫీ చెయ్యలేదు. చెయ్యను.

ఇంట్లో పుస్తకాన్ని నేనే దిద్దాను. అమ్మ పక్కకు వచ్చి కూర్చుంది. ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. అక్క ఎన్ని దెబ్బలైనా తర్వాతకు వాయిదా వేసుకోవచ్చని, అయితే అవి ఒకటి ఎక్కువతో తిరిగి వస్తాయని.

అమ్మ ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది.

"గా ఎక్కువది ఒక్కటి తీసెయ్యరాదు, బిడ్డా?" అంది.

తియ్యలేదు. అక్క ఎట్లా చెప్పిందో అట్లాగే రాశాను.