పాము పెట్టెకు ఎంత వేడి కావాలి

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక పాము ఉండేది. మా క్లాసులో పెంచే కార్న్ స్నేక్‌ను వేసవి సెలవుల్లో ఎవరు చూసుకుంటారని టీచర్ అడిగితే చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. నాకప్పుడు పదేళ్లు. దానికి విషం లేదని ఎంత చెప్పినా మా అమ్మ ఆ మెట్లు దిగడం మానేసింది. ఇంటికొచ్చిన ఆంటీలూ అంకుల్స్ ముక్కున వేలేసుకున్నారు. పుట్టలో పాలు పోసి దండం పెట్టేవాళ్లు దీన్నెందుకు తిడతారని ఒక ఆంటీని ముఖం మీదే అడిగేశాను. ఆ రోజు చీవాట్లు బాగానే పడ్డాయి. పామును మాత్రం వదల్లేదు.

గాజు పెట్టెతో పాటు టీచర్ ఒక హీట్ మ్యాట్ ఇచ్చింది. పెట్టె కింద ఒక పక్కన పెట్టి ప్లగ్ పెడితే ఆ పక్క నేల వెచ్చబడుతుంది. జూలై ఎండలు ముదరగానే మా నాన్న, "బయట తొంభై అయిదు డిగ్రీలుంటే దీనికి హీటరేంటే?" అంటూ ఆ ప్లగ్ పీకేశారు. అక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే. ఇల్లంతా ఏసీ నడుస్తోంది. బేస్‌మెంట్‌లో నేను స్వెటర్ వేసుకుని కూర్చునేదాన్ని. అయినా ఆ చలి సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. రెండు రోజులకు పాము మింగిన ఎలుకపిల్లను అరగక కక్కేసింది.

మ్యాట్ తీసేసినందుకే ఇలా అయిందని నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న పైకి వెళ్లగానే మ్యాట్ మళ్లీ ఆన్ చేశాను. అది చాలదన్నట్టు నా టేబుల్ ల్యాంప్ తెచ్చి పెట్టె జాలీ మూత మీద పెట్టి, వేడి బయటికి పోకుండా టవల్ కప్పాను. ఎవరు గెలుస్తారో చూద్దామనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం టవల్ ఎత్తి చూస్తే పాము ముక్కుతో గాజును పొడుస్తోంది, అంతలోనే నీళ్ల గిన్నెలోకి దూరి ముడుచుకుంటోంది. నా వెనకే వచ్చిన నాన్న అది చూశారు. "నీ వల్ల కాదు. రేపే టీచర్‌కి ఫోన్ చేసి ఇచ్చేద్దాం." నేను ఇవ్వనని మెట్లకు అడ్డంగా కూర్చున్నాను. లేవమంటే లేవలేదు.

ఆ రోజు భోజనానికి వచ్చిన మా మేనత్త ఆ గొడవ విని కిందికి వచ్చింది. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమె పని. బల్లిని చూసినా కుర్చీ ఎక్కే మనిషి. సగం మెట్ల దగ్గరే ఆగి, రెయిలింగ్ గట్టిగా పట్టుకుని, వంటింటి థర్మామీటర్ తెప్పించి పెట్టెలో పెట్టమంది. నూట నాలుగు డిగ్రీలు. "ల్యాంప్ ఆర్పు, టవల్ తీసెయ్. ఐసూ గీసూ వేయకు, దానంతటదే చల్లబడనీ," అంది. కాసేపాగి అదే థర్మామీటర్‌ను బేస్‌మెంట్ బల్ల మీద పెట్టించింది. అరవై ఆరు.

"అన్నయ్యా, నువ్వూ కొలవలేదు, ఇదీ కొలవలేదు. మీ ఇద్దరి పంతం మధ్య పాము ఒకసారి బిగుసుకుపోయింది, ఒకసారి ఉడికిపోయింది."

నాకు ఏడుపొచ్చింది. పామును కాపాడుతున్నాననుకుంటూ నేనే చంపబోయానని అప్పుడు తెలిసింది. అత్త నన్ను ఓదార్చలేదు. "దాని కోసం పోట్లాడాలంటే దాని గురించి మా అందరికంటే నీకే ఎక్కువ తెలియాలి," అంది. నన్ను కారెక్కించుకుని షాప్‌కి తీసుకెళ్లి, ఎనభై అయిదు దాటగానే మ్యాట్ దానంతటదే ఆగిపోయేలా థర్మోస్టాట్ కొనిపెట్టింది. పెట్టెకు ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉండాలనీ, ఎటు పోవాలో పామే చూసుకుంటుందనీ ఆ షాపులో చెప్పారు.

బేస్‌మెంట్ మరీ చలి కాబట్టి పెట్టె నా గదిలోకి మార్చాలని, కిటికీ ఎండ తగలని మూల చూడమని అత్త తేల్చేసింది. అమ్మ కెవ్వుమంది. నేను పామును దిండు గలేబులో వేసి మూతి కట్టాను. ఖాళీ పెట్టెను ఒక పక్క నేను పట్టుకుంటే, రెండో పక్క నాన్న వచ్చి ఎత్తారు. అమ్మ వైపు చూడకుండా మెట్లెక్కారు.

నా మొండితనం తగ్గిందనుకోకండి. తగ్గించుకోమన్న వాళ్లందరితోనూ ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను. కాకపోతే, నాదే ఒప్పని గొంతు పెంచే ముందు ఒక్క క్షణం ఆగి, నేను కొలిచానా అని నన్ను నేను అడుగుతాను. కొలిచిన తర్వాత మాత్రం ఎవరు చెప్పినా వెనక్కి తగ్గను.