ఫాంచెల్లి పిండి మీద పడ్డ మాట

అర్మాండ్ బెలార్డి అబద్ధం ఆడడని మా బొగ్గు గనుల ఊరు ఓల్డ్ ఫోర్జ్‌లో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఒక జనవరి ఉదయం మంచులో బస్సు పక్కకు జారి, రోడ్డు వార ఆపి ఉన్న ఒక కారు అద్దం విరిగింది. చూసినవాళ్లు లేరు. అర్మాండ్ పిల్లల్ని బడి దగ్గర దించి, వెనక్కి వచ్చి, ఆ కారు పక్కనే గంటసేపు నిలబడ్డాడు, దాని యజమాని నిద్రలేచి బయటికి వచ్చేదాకా. ఆ సంగతి మర్నాటికి ఊరంతా పాకింది. అప్పటినుంచీ ఎవరైనా ఏదైనా తేల్చుకోలేకపోతే, "అర్మాండ్ ఏమన్నాడు?" అని అడిగేవారు.

నాది మెయిన్ స్ట్రీట్ మీద మంగలి షాపు. మా నాన్న తర్వాత నేను నడుపుతున్నాను. గురువారం మధ్యాహ్నాలు జుట్టు కత్తిరించుకునేవాళ్లకంటే కబుర్లకు వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లు ముందు వాతావరణం మాట్లాడతారు, తర్వాత మోకాళ్ల నొప్పులు, ఆ తర్వాత తప్పకుండా పిజ్జా. మా ఊళ్లో పిజ్జా గుండ్రంగా ఉండదు. నలుచదరపు ట్రేలో కాలుస్తారు, ముక్కను కట్ అంటారు, టమాటా పులుసు వేసింది ఎర్రది, పైనా కిందా రొట్టె ఉండి మధ్యలో జున్ను ఉండేది తెల్లది. ఒక్క వీధిలో ఇన్ని పిజ్జా దుకాణాలున్న ఊరు ఇంకోటి ఉండదని మా గొప్ప. ఏది మంచిదో మాత్రం ఇద్దరు మనుషులు ఒప్పుకున్న రోజు లేదు.

అర్మాండ్‌ది టొర్డెల్లి దుకాణం పక్షం. అతని తల్లిదండ్రులు తిన్నవీ, పెళ్లి విందులో పెట్టినవీ, అన్నీ టొర్డెల్లి ట్రేలే. స్టష్ కొవాల్చిక్‌ది ఫాంచెల్లి దుకాణం పక్షం. స్టష్ తాత పోలండు నుంచి వచ్చి ఇక్కడి బొగ్గు గనిలో పనిచేశాడు. స్టష్, అర్మాండ్ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే రోజు సైన్యంలో చేరారు, ఒకే రోజు తిరిగొచ్చారు. పిజ్జా దగ్గర మాత్రం పాము, ముంగిస.

"పోలండువాడివి, నీకు పిండి సంగతి ఏం తెలుసురా?" అనేవాడు అర్మాండ్.

"నీకు నాలుక కూడా ఇటలీ నుంచి తెప్పించారేంట్రా? అది కూడా ఇక్కడి బొగ్గు పొగకు మాడిందే," అనేవాడు స్టష్.

తొమ్మిదేళ్ల కిందట, ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల రోజుల్లో, ఒక గురువారం స్టష్ ఓపిక నశించింది. పక్క గదిలో నన్ను నిలబెట్టి, రెండు దుకాణాల ఎర్ర ట్రేలు తెచ్చి, కట్‌లను నూనె కాగితం మీద పెట్టించాడు. ఏది ఎవరిదో నాకు, అతనికి తప్ప తెలియదు.

"కళ్లు మూసుకో," అన్నాడు అర్మాండ్‌తో. "నీ టొర్డెల్లి ఏదో చెప్పు చూద్దాం."

అర్మాండ్ కళ్లు మూసుకున్నాడు. మొదటిది కొరికి పక్కన పెట్టాడు. రెండోది కొరికి, నమిలి, ఇంకోసారి కొరికాడు. మొత్తం తినేశాడు. వేళ్లు కూడా తుడుచుకోకుండా, "ఇదీ టొర్డెల్లి అంటే," అన్నాడు. "అడుగు చూడు, ఎలా కరకరలాడుతోందో. లోపల దూది. ఇంకోటి చేసినవాడెవడో వాడికి దణ్ణం పెట్టొచ్చు."

అతను తిన్నది ఫాంచెల్లిది.

షాపులో ఏడెనిమిది మంది ఉన్నారు. నవ్వు ఆగలేదు. గడ్డానికి సబ్బు రాయించుకుని కూర్చున్న మనిషి సబ్బుతోనే లేచి గెంతాడు. స్టష్ అర్మాండ్ చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఫాంచెల్లి పక్షంలోకి కొత్త చుట్టం వచ్చాడు, కాళ్లు కడగండి," అన్నాడు.

అర్మాండ్ మొహం చెవులదాకా ఎర్రబడింది. ముందు అతనూ నవ్వబోయాడు. ఆపైన చెయ్యి విడిపించుకుని అన్నాడు:

"రుచిదేముందిలే. ఆ పిండి ఎక్కడిదో రోజలీని అడగండి. నిన్న వెనక సందులోంచి బస్సు తెస్తుంటే నా కళ్లారా చూశాను. గడ్డకట్టిన పిండి పెట్టెలు లారీలోంచి దింపుతున్నారు, ఫాంచెల్లి వెనక తలుపు దగ్గర."

నవ్వు ఆగిపోయింది. ఇంకెవరన్నా ఆ మాట అంటే మీద పడి ఏకేసేవాళ్లు. అన్నది అర్మాండ్. స్టష్ చేతిలో కొరికిన కట్ ఉంది. దాన్ని మెల్లిగా కాగితం మీద పెట్టాడు.

ఆ దుకాణం నడిపే రోజలీ ఫాంచెల్లి రోజూ తెల్లారి లేచి తన చేత్తో పిండి పిసుకుతుంది. మా ఊళ్లో ఏ జున్ను వేస్తారో ఎవరూ అడగరు, అది ఇంటి గుట్టు. పిండి మాత్రం ఆ ఇంట్లోదే అయి ఉండాలి. ఊళ్లో ఒక పిజ్జా దుకాణం మీద ఇంతకంటే పెద్ద నింద లేదు.

ఆ మాట నేనూ మోశాను. ఆ సాయంత్రం మా ఆవిడతో చెప్పాను. మర్నాడు కత్తెర ఆడిస్తూనే షాపుకొచ్చినవాడికల్లా చెప్పాను. "అర్మాండే చూశాడట," అని కూడా కలిపాను. ఈ సంగతి నేను రోజలీ ముందు ఇప్పటికీ ఒప్పుకోలేదు. అర్మాండ్ కథ చెప్పడానికి నాకున్న యోగ్యత అంత.

గుడ్ ఫ్రైడే నాడు మా ఊళ్లో ప్రతి పిజ్జా దుకాణం ఫోనూ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది. మాంసం ముట్టని రోజు కదా. ఆ ఏడాది ఫాంచెల్లి దగ్గర మధ్యాహ్నానికే వరస పలచబడింది. మాట రోజలీ చెవిన పడింది. ఆమె పిండి బల్లను వంటగదిలోంచి లాక్కొచ్చి ముందు కిటికీ దగ్గర వేసింది. రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడేలా నిలబడి పిసికేది. అది చూసి జనం ఏమన్నారో తెలుసా? "నలుగురి కోసం నాటకం. పెట్టెలు వెనక ఉంటాయి," అన్నారు.

దుకాణం ఒక్కరోజులో పడిపోలేదు. ముందు సోమవారాలు మూశారు, తర్వాత ఆదివారాలూ. రోజలీ భర్త లూ పోయాడు. ఆమె మణికట్లు వాచేవి. పోయిన ఏడాది అక్టోబరులో తలుపుకు ఒక కాగితం అంటించింది: నెలాఖరుకు మూసేస్తున్నాం, ఇన్నాళ్లు వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు.

అర్మాండ్ అప్పటికి ఉద్యోగం మానేశాడు. షాపుకు వచ్చేవాడు, వాదనలోకి దిగేవాడు కాదు. డాక్టరు జున్ను వద్దన్నాడని పిజ్జా కూడా మానేశాడు. వయసు వల్ల అనుకున్నాం.

కాగితం అంటించిన మర్నాడు, మంగళవారం, షాపు ఖాళీగా ఉంటే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కట్టి కత్తిరించడం మొదలుపెట్టాను. అద్దంలో నన్ను చూడకుండా, "గస్, ఆ లారీ లేదు," అన్నాడు.

"ఏ లారీ అన్నా?"

"పిండి లారీ. ఆ రోజు నేను ఆ సందులోకే వెళ్లలేదు."

దువ్వెన అద్దం ముందు పెట్టాను. "మరి ఎందుకన్నావ్?" అని అడిగాను.

"మీరు నవ్వారు," అన్నాడు. "అందుకే. అంతకంటే ఏం లేదు. మర్నాడే చెప్దామనుకున్నా. మర్నాటికి అది ఊరంతా తిరిగింది. వారం తర్వాత చెప్దామనుకున్నా. ఆ తర్వాత... చెప్పడానికి ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో కూడా చెప్పాల్సొస్తుందని మానేశా," అన్నాడు.

జుట్టు సగం కత్తిరించి ఉంది. "నాతో కాదు, ఆమెతో చెప్పు," అన్నాను. ఆ మాట నేనూ మోసిన సంగతి అతనికి గుర్తు చేయలేదు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. అక్కడ జరిగింది తర్వాత ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు, రెండూ ఒకటే. రోజలీ కిటికీ దగ్గర పిండి పిసుకుతోంది. అర్మాండ్ టోపీ తీసి నిలబడ్డాడు.

"రోజలీ, నీ పిండి మీద ఆ మాట అన్నది నేనే."

"తెలుసు," అంది ఆమె, చేతులు ఆపకుండా. "తొమ్మిదేళ్ల నుంచీ తెలుసు. మర్నాడే స్టష్ వచ్చి నా మొహం మీదే అడిగాడు. ఫ్రీజర్ తీసి చూపించా. ఊరు మొత్తంలో వచ్చి అడిగింది వాడొక్కడే."

"నన్ను క్షమించమని..."

"కూర్చో. పక్క బార్‌వాళ్లకు శుక్రవారాలకి చేపల పెట్టెలొచ్చేవి, వెనక సందులోనే దింపేవాళ్లు. నువ్వు వాటిని చూసి పొరబడ్డావు. లూతో కూడా అదే చెప్పా. అర్మాండ్ అబద్ధం ఆడే మనిషి కాదు, కళ్లు మోసం చేశాయి అన్నా. ఆయన నిన్ను కొడతానంటే నేనే ఆపా."

అర్మాండ్ అక్కడితో ఊరుకోగలిగేవాడే. ఆమె దారి చూపించింది. తలూపి, అవును పొరబడ్డాను అంటే అయిపోయేది. ఆ క్షణంలో అలా అందామని నిజంగా అనిపించిందని, ఆ ఒక్కటీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతానని నాతో అన్నాడు.

"నేనేమీ చూడలేదు రోజలీ. చేపలూ చూడలేదు. నీ కట్ తిని బాగుందన్నా. అందరూ నవ్వారు. నోటికొచ్చింది అన్నా."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. పిండి అంటిన చేతులతోనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇన్నాళ్లూ నిన్ను వెనకేసుకొచ్చా," అంది. "లూ పోయేటప్పుడు కూడా. ఇప్పుడు ఆయనకేం చెప్పను?"

ఏం చెయ్యమంటావని అడిగాడు అర్మాండ్.

"గురువారం ఆ మంగలి షాపులో చెప్పు. పొరబడ్డానని కాదు. ఇప్పుడు నాతో ఎలా చెప్పావో అలా," అని లేచి మళ్లీ పిండి అందుకుంది.

గురువారం షాపు నిండా జనం. అర్మాండ్ కూర్చోకుండా, నడిమధ్య నిలబడి చెప్పాడు. తడబడలేదు. ఏడ్వలేదు. లారీ లేదు, నేను ఆ సందులోకే వెళ్లలేదు, ఓడిపోయిన ఉక్రోషంతో అన్నాను, అంతే అన్నాడు.

ఒకడు నవ్వాడు. "పోనీలే అన్నా, ఎప్పటి మాట. అయినా ఆ దుకాణమే మూసేస్తుంటే ఇప్పుడెందుకు?" అన్నాడు.

తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "నువ్వు చూడకపోతే పోనీ, నేను చూశా. ఒకసారి కాదు, రెండుసార్లు. పెట్టెల మీద పేరు కూడా ఉంది."

"లేవు," అన్నాడు అర్మాండ్. "అది నేను పుట్టించిన మాట."

"నీకెలా తెలుస్తుంది, నువ్వు సందులోకే వెళ్లలేదంటివి కదా," అన్నాడు ఆయన. షాపంతా గొల్లున నవ్వింది.

ఆ నవ్వులో అర్మాండ్ నిలబడిన తీరు నేను మర్చిపోలేను. తన అబద్ధానికి ఇప్పుడు తన అవసరం కూడా లేదని అతనికి అప్పుడు అర్థమైంది.

నవ్వనివాడు స్టష్ ఒక్కడే. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"నేను అప్పుడే చెప్పా మీ అందరికీ," అన్నాడు. "ఫ్రీజర్ నా కళ్లతో చూశానని చెప్పా. ఫాంచెల్లి వాడివి కదా, అలాగే అంటావ్ అన్నారు." అర్మాండ్ వైపు తిరిగి, "నువ్వు ఓడిపోతే నాతో ఓడిపోవాలిరా. ఆవిడ మీద పడ్డమెందుకు?" అని తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ చలికాలమంతా అర్మాండ్‌తో మాట్లాడలేదు.

దుకాణం మూసిన రోజు వీధి చివరిదాకా వరస నిలబడింది. చివరి కట్ అని అందరూ వచ్చారు, తొమ్మిదేళ్లుగా గడప తొక్కనివాళ్లు కూడా. అర్మాండ్ రాలేదు.

నవంబరు నుంచి అతను తన పాత బస్సు దారి పట్టుకుని ఇంటింటికీ వెళ్లడం మొదలుపెట్టాడు. తలుపు కొట్టి అదే మాట చెప్పేవాడు. కొందరు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. కొందరికి ఏ సంగతో గుర్తే లేదు. ముసలితనంలో చాదస్తమని అతని చెల్లెలికి కొందరు ఫోన్లు కూడా చేశారు. ఒకావిడ మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి అంది: "ఇరవై ఏళ్లు ప్రతి శుక్రవారం రోజలీ దగ్గరే తెప్పించుకున్నా. నీ మాట విని మానేశా. చర్చిలో నా పక్కన కూర్చుంటే లేచి వేరే వరసలోకి వెళ్లా. నువ్వు చెప్పావు కాబట్టి." ఆ ఇంటి నుంచి నేరుగా నా షాపుకు వచ్చి, చలికోటు కూడా విప్పకుండా అరగంట కూర్చున్నాడు.

"మిగతావాళ్లు పోనీలే అంటుంటే కాస్త ఊపిరాడేది గస్," అన్నాడు. "అలా ఊపిరాడినందుకు ఇంకా సిగ్గేసేది."

ఈ ఏడాది లెంట్ మొదలైన బుధవారం, అగ్నిమాపక సంఘం వాళ్లు చందాల కోసం పెట్టిన పిజ్జా అమ్మకానికి రోజలీని పిలిచారు. మణికట్లకు పట్టీలు కట్టుకుని వచ్చింది. హాల్లో వరస కట్టాం. అర్మాండ్ నాకు ముందు ఉన్నాడు. నుదుటి మీద ఆ రోజు చర్చిలో పెట్టే బూడిద గుర్తు, చేతిలో టోపీ.

అతని వంతు వచ్చింది. రోజలీ తలెత్తి చూసింది.

"ఎర్రదా, తెల్లదా?"

అతను రెండు ట్రేల వైపూ చూశాడు. వెనక జనం పోగవుతున్నారు. ఆమె జవాబు కోసం చూడకుండా రెండు ఎర్ర కట్‌లు కాగితంలో పెట్టి చేతికిచ్చి, "తర్వాత ఎవరు?" అంది. నా వంతే. నేను తెల్లది అడిగి పక్కకు జరిగాను.

అర్మాండ్ మూల బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. కొంతసేపటికి స్టష్ తన ట్రే పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. అర్మాండ్ మొదటి కట్ పూర్తి చేశాడు. రెండోది సగంలో ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తినసాగాడు. స్టష్ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు, అతను ముగించేదాకా.