టేపు పెట్టి కొన్న మంచుబండి

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒంటికి సరిగ్గా సరిపోయే వస్తువు కొనడమంటే తెలివితక్కువతనం కింద లెక్క. గౌను కొంటే రెండేళ్ళ ముందుచూపుతో కొనాలి, బూట్లు కొంటే ముందు దూది కూరడానికి చోటుండాలి. మూడో తరగతిలో కుట్టించిన పరికిణీ నేను ఏడో తరగతిలో కూడా కట్టాను. మొదటి ఏడాది అందులో నేనెక్కడున్నానో మా అమ్మ వెతుక్కునేది, ఆఖరి ఏడాది అది మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఏదో ఒక నెల మాత్రం కొలిచినట్టు సరిపోయే ఉంటుంది గానీ, అప్పుడు వేసవి సెలవులు కాబోలు, ఎవరూ చూడలేదు. "ఎదిగే పిల్ల, పెద్దదే ఇవ్వవయ్యా" అని మా నాన్న కొట్లో అనే మాట నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. చిక్కల్లా ఏమిటంటే నేను ఎదగలేదు. నాలుగడుగుల పదంగుళాల దగ్గర ఆగిపోయాను. (పెళ్ళిచూపుల్లో పదిన్నర అని చెప్పారు. ఆ అరంగుళం జడ ముడిది.)

చదువు కూడా తొమ్మిదో తరగతి మధ్యలో ఆగింది. లెక్కలకీ నాకూ పడక మా మేనత్త దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్నాను. ఆవిడ మెడలో పుస్తెలతాడు ఎంత సహజంగా ఉండేదో పసుపురంగు టేపు కూడా అంత సహజంగా ఉండేది. "మనిషిని చూసి గుడ్డ కత్తిరించాలి గానీ, గుడ్డని చూసి మనిషిని కత్తిరించకూడదమ్మాయ్" అనేది. నేను అమెరికా బయల్దేరినప్పుడు ఆ టేపే తీసి నా చేతిలో పెట్టింది. పుట్టింటివాళ్ళు ఇచ్చిన పచ్చళ్ళన్నీ ఆరు నెలల్లో అయిపోయాయి, టేపు మాత్రం మిగిలింది.

కాపురం మొదట న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. అక్కడ గడప దాటితే తెలుగే. రెండువేల ఎనిమిది ప్రాంతంలో మా ఆయన ఉద్యోగం ఐడహోకి మారింది. అది కొత్తిమీర కట్టకి కూడా కారెక్కి బయల్దేరాల్సిన ఊరు. మా వీధి చుట్టుపక్కల ఉన్నది ఇంకొక్క తెలుగాయన. వరంగల్ వైపు మనిషి, ఆరడుగుల రెండంగుళాలు. ఎదురుగా "అన్నయ్యా" అనే పిలిచేదాన్ని గానీ, మనసులో మాత్రం ఆయన నాకు నిచ్చెన అన్నయ్య. ఆయనతో మాట్లాడితే సాయంత్రానికి మెడ నొప్పి వచ్చేది. ఆయన భార్యకి చలి గిట్టదు, అక్టోబరులో దుప్పట్లోకి దూరి ఏప్రిల్‌లో బయటికొచ్చేది. అందుకని శనివారం పూట కొండలకి వెళ్ళేది మేం ముగ్గురం.

వెళ్ళేది మంచుబండ్లు నడపడానికి. స్నోమొబైల్ అంటారు. ముందు రెండు స్కీలు, వెనక గిరగిరా తిరిగే రబ్బరు పట్టా, పైన మోటార్‌సైకిల్ లాంటి సీటు, హ్యాండిలు. చదును దారుల్లో తిరిగేవి వేరు, కొండలెక్కేవి వేరు. కొండబండికి పట్టా పొడుగు, దాని మీద పళ్ళు పెద్దవి, మెత్తటి మంచులో మునక్కుండా తేలుతూ పోవాలి. వాళ్ళిద్దరూ ఆ బండ్లేసుకుని పైకి పోయేవారు. నేను కొండ కింద చెక్క గదిలో, కట్టెల పొయ్యి పక్కన, పులిహోర డబ్బాకి కాపలా. రెండు చలికాలాలు అలాగే గడిచాయి. కిటికీలోంచి ఒక తెల్లటి కొండంచు కనిపించేది. వీళ్ళు చుక్కల్లా దాని మీదికెక్కి అవతలికి మాయమైపోయేవారు. దిగి వచ్చాక అడిగేదాన్ని, పైనేముందని.

"ఏముంటది చెల్లె, ఇంకో గుట్ట ఉంటది" అనేవాడు నిచ్చెన అన్నయ్య, పులిహోరలో వేరుశనగ గుళ్ళు ఏరుకుంటూ.

నాకు ఆ జవాబు చాల్లేదు. మూడో చలికాలం మొదట్లో ఒకరోజు మా ఆయనతో అనేశాను, నేనూ పైకొస్తానని.

"సరే, నా వెనక కూర్చో."

"కొండబండి మీద ఇద్దరు ఎక్కకూడదని మీరేగా చెప్పారు?"

ఆయన చెయ్యి ముక్కు మీదికి పోయింది. (తన మాట తనకే అడ్డం వచ్చినప్పుడు ఆయన ముక్కు గోక్కుంటాడు. గోక్కున్నాడు.) "అయితే ఒక కండిషన్. బండి మంచులో దిగబడితే నీ అంతట నువ్వే బయటికి తీసుకోవాలి. పైన ఎవరి గొయ్యి వాళ్ళదే, నిన్ను లాగడానికి ఎవరూ ఖాళీగా ఉండరు. అది చేతనైతే రా. లేకపోతే ఇంక ఈ మాట ఎత్తొద్దు."

ఒప్పుకున్నాను. నేర్చుకోవడానికి నిచ్చెన అన్నయ్య తన బండి ఇచ్చాడు. ఎనిమిది వందల సీసీ మోటారు, నూట అరవై మూడంగుళాల పట్టా, అంటే నాలాంటివాళ్ళని దాదాపు ముగ్గుర్ని వరసగా పడుకోబెట్టినంత. స్టార్ట్ చెయ్యడానికి తాడు లాగాలి. మొదటిసారి లాగితే తాడు కదల్లేదు, రెండోసారి లాగితే నేను కదిలాను. చివరికి ఆయనే లాగి ఇచ్చాడు. నిలబడితే హ్యాండిలు నా గడ్డం కిందికొచ్చింది. బొటనవేలితో నొక్కే వేగం మీట నాకు అందనంత దూరంలో ఉంది, అందుకోవడానికి చేతిని ముందుకు జరిపి కాస్త గట్టిగా నొక్కాను. బండి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. మనిషి పడితే మోటారు ఆగేలా నా కోటుకి తగిలించిన తాడు ఊడి అది ఆగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అది నాకంటే ముందే పై కొండంచు చూసొచ్చేది.

"ఏం గాదు చెల్లె, అలవాటైతది" అన్నాడు నిచ్చెన అన్నయ్య నన్ను మంచులోంచి ముల్లంగి పీకినట్టు పీకుతూ. "నువ్వు గిసొంటి పెద్దదే కొనుక్కో. చిన్నది కొంటే రెండేండ్లకి సరిపోదు."

మా నాన్న గొంతే మళ్ళీ విన్నట్టయింది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంకా ఎదుగుతానని నమ్మేవాడు ప్రపంచంలో ఈయన ఒక్కడే మిగిలాడు కాబోలు.

శుక్రవారం ముగ్గురం బండ్ల షాపుకి వెళ్ళాం. నడిపేది ఒక తెల్లగడ్డం తాత. నిచ్చెన అన్నయ్య నేరుగా వెళ్ళి అన్నిటికన్నా పెద్దదాని పక్కన పెళ్ళికొడుకు తరఫువాడిలా నిలబడ్డాడు. నేను సంచిలోంచి మేనత్త టేపు తీసి మెడలో వేసుకున్నాను. ఆ క్షణం నుంచి అది నా కొట్టు. ఒక్కో బండి ఎక్కి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడి, హ్యాండిలు ఎక్కడికొస్తోందో చూశాను. నడుం పైకి, గుండె కిందికి రావాలి. పిడి నుంచి మీట దాకా కొలిచి నా బొటనవేలికి పెట్టి చూశాను. రెండు స్కీల మధ్య ఎడం కొలిచాను. ఎడం ఎక్కువైతే బండిని పక్కకి ఒరగబెట్టడానికి నా బరువు చాలదు, వాలు మీద అడ్డంగా పోవాలంటే ఒరగబెట్టక తప్పదు. తాళ్ళు లాగి చూశాను. ఆఖరికి ప్రతి బండికీ వెనక్కి వెళ్ళి తోక పట్టుకుని లేపి చూశాను. (గేదెని కొనేటప్పుడు పళ్ళు చూస్తారు. దిగబడేదాన్ని కొనేటప్పుడు తోకే చూడాలి.)

తాత కౌంటరు వదిలి వచ్చాడు. "హనీ, ముప్పై ఏళ్ళుగా ఇవే అమ్ముతున్నాను, ఇలా కొలిచినవాళ్ళని చూళ్ళేదు" అని ఇంగ్లీషులో అన్నాడు.

"ఐ టైలర్" అన్నాను. "బాడీ స్మాల్. బండీ స్మాల్."

ఆయన గడ్డంలో నవ్వుకుని, వెనక గదిలోంచి కిందటి ఏడాది మోడల్ ఒకటి తోసుకొచ్చాడు. ఆరు వందల సీసీ, నూట నలభై నాలుగంగుళాల పట్టా, బక్కపలచని ఒళ్ళు. తోక పట్టుకుని ఎత్తితే లేచింది. తాడు ఒక్క లాగుకి దారికొచ్చింది. హ్యాండిలు ఒక్కటే పొడుగైంది. సాయంత్రానికల్లా దాని కింది దిమ్మ మార్చి పొట్టిది వేస్తానన్నాడు, మీట దగ్గరికి జరుపుతానన్నాడు, నా బరువుకి స్ప్రింగులు కూడా వదులు చేస్తానన్నాడు. కుట్లు విప్పి మళ్ళీ వేసేవాడు దొరికాడు కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

"గిది పోరగాళ్ళాడుకునే బండి" అన్నాడు నిచ్చెన అన్నయ్య. "పట్టా పొట్టిగుంటే మంచుల మునుగుతది."

"మీ బరువెంత అన్నయ్యా?"

"తొంభై ఎనిమిది. గదెందుకు?"

"నాది నలభై నాలుగు. మనిద్దర్నీ మొయ్యడానికి మంచుకి ఒకటే పట్టా కావాలా? మీ చొక్కా మీకు బాగుందని నాకు తొడిగితే ఎలా?"

తెలుగు ఒక్క ముక్క రాకపోయినా తాత నా వైపే తలాడించాడు. మా ఆయన ముక్కు గోక్కుని, "అది చెప్పేది కరెక్టే అన్నా" అన్నాడు. పెళ్ళయ్యాక పరాయివాళ్ళ ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

గెలిచినదాన్ని గెలిచినట్టు ఇంటికి రావొద్దూ? బయటికొస్తుంటే గుమ్మం పక్కన తగ్గింపు బుట్టలో ఒక ఎర్ర హెల్మెట్ కనబడింది. మగవాళ్ళ పెద్ద సైజు. పెట్టుకుంటే లోపల నా తల డోలులో గోలీకాయలా దొర్లింది. "హనీ, హెల్మెట్ బిగుతుగా ఉండాలి" అన్నాడు తాత. "ఏం పర్లేదు, లోపల మఫ్లర్ చుట్టుకుంటా" అని మా ఆయనతో చెప్పించాను. పెద్దదైతే ఎన్నేళ్ళైనా పడుంటుంది కదా! అప్పుడు కూడా టేపు నా మెడలోనే వేలాడుతోంది. బండిని నఖశిఖ పర్యంతం కొలిచినదానికి, సొంత తల కొలవాలని తోచలేదు.

శనివారం పొద్దున కొండ కింద బండికి పసుపు కుంకుమ పెట్టి, రెండు స్కీల కింద రెండు నిమ్మకాయలు పెట్టాను. రాత్రంతా ట్రక్కులో ఉండడంతో అవి గడ్డకట్టి ఇనప గుండ్లయ్యాయి. బండి వాటి మీదుగా వెళ్ళింది, కాయలు పగలకుండా మంచులోకి దిగిపోయాయి. "నిమ్మకాయ పగల్లేదు చెల్లె, శకునం మంచిగ లేదు" అన్నాడు నిచ్చెన అన్నయ్య. తవ్వి తీసి జేబులో వేసుకున్నాను, పులిహోరకి పనికొస్తాయని.

మొదటి అరగంట నేను నేను కాదు. ఎటు ఒంగితే అటు ఒంగింది బండి. నా కొలతకి నేనే కుట్టుకున్న జాకెట్టు తొడుక్కున్నట్టుంది. కొండవాలు వచ్చింది. దానికి అడ్డంగా పోవాలి. కొండవైపు ఒరిగి, పల్లం వైపు స్కీని గాల్లోకి లేపి, నిటారుగా నిలబడి పోతున్నాను. పైనుంచి మా ఆయన చూస్తున్నాడని తెలుసు. కాస్త తల పైకెత్తి దర్జాగా చూశాను. అంతే, లోపల మఫ్లర్ జారింది, హెల్మెట్ ముక్కు మీదికి దిగింది. పట్టపగలు అమావాస్య. రెండు క్షణాల తర్వాత ఎక్కడో మెత్తగా ఆగాను. హెల్మెట్ ఎత్తి చూస్తే ఒక చెట్టు పక్కన బండి ముక్కుదాకా మంచులో ఉంది, నేను నడుందాకా ఉన్నాను.

"కదలకు, నేనొస్తున్నా!" పైనుంచి మా ఆయన అరుపు.

"రావద్దు!" అని అంతకంటే గట్టిగా అరిచాను. ఆయన దిగి వచ్చి లాగాడంటే నేను మళ్ళీ పొయ్యి పక్కకే. ఆ కిటికీ, ఆ డబ్బా కళ్ళముందు కనిపించాయి.

పార తీసి స్కీల ముందు మంచు తవ్వాను, పట్టా చుట్టూ కాళ్ళతో తొక్కాను. స్కీలని ఒక్కోసారి ఒక్కో జానెడు చొప్పున పల్లం వైపుకి లాగాను. తర్వాత వెనక్కి పోయి తోక పట్టుకున్నాను. షాపులో లేచినంత తేలిగ్గా లేవలేదు. మా మేనత్తనీ, మా నాన్ననీ, పది పరికిణీలనీ తల్చుకుని లేపితే లేచింది, పక్కకి జరిగింది. ఇంక హెల్మెట్ సంగతి. నిన్నట్నుంచీ మెడలోనే ఉన్న టేపు తీసి, హెల్మెట్ నెత్తి మీదుగా గడ్డం కిందికి ఒక చుట్టు బిగించి, పక్కన పువ్వులాగా ముడేశాను. ఆ తలకి టేపు పెట్టడం అదే మొదటిసారి. తాడు ఒక్క లాగు లాగాను. బండి పలికింది.

దారిలో నిచ్చెన అన్నయ్య కనబడ్డాడు, ఛాతీ వరకే. ఆయన పెద్దబండి తనకి తనే బావి తవ్వుకుని అందులో కూర్చుంది.

"అన్నయ్యా, పార కావాలా?"

"పో చెల్లె పో. నీ పెయ్యదూడను నువ్వు తోలుకపో."

కొండంచు మీద మా ఆయన నిలబడి ఉన్నాడు. నా చెవి పక్కన పసుపు పువ్వుని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. బండి ఆపి అవతలికి చూశాను. రెండు చలికాలాలు కిటికీలోంచి చూసి ఊహించుకున్న అవతల.

ఇంకో కొండ ఉంది.

"చెప్పాం కదా" అన్నాడాయన.

"మీరు చెప్పారు. ఇప్పుడు నేను చూశాను" అన్నాను. జేబులోంచి నిమ్మకాయ తీసి ఆయన చేతిలో పెట్టాను. మధ్యాహ్నం పులిహోర ఆయనే వడ్డించాడు.

తర్వాత ఆరు చలికాలాలు ఆ బండి నాది. మోకాళ్ళు మొరాయించాక, నా అంతే ఉన్న ఒక బడి టీచరమ్మకి, టేపు పెట్టి కొలిచి మరీ అప్పగించాను. ఎర్ర హెల్మెట్ మాత్రం ఎవరూ తీసుకోలేదు. గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది, అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం, ఐదు పౌన్లు హాయిగా పడతాయి. మొన్న సాంబారులోకి ఉల్లిపాయ కోసం చెయ్యి పెట్టినదాన్ని, ఎవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి, ఉల్లిపాయలు నేల మీద పోసి నెత్తిన పెట్టుకున్నాను. ముక్కు మీదికి దిగింది, పొట్టు రాలింది, చీకటైంది. ఇప్పటికీ పెద్దదే. పారెయ్యొచ్చు కదా అంటాడు మా ఆయన. ఎందుకో చెయ్యి రాదు. ఎదిగే పిల్లనని నాకూ ఎక్కడో ఇంకా ఆశ ఉన్నట్టుంది.